తెలుగు కుటుంబాల వంశ పరిశోధన

ఒక కుటుంబంలో ఎవరు ఎవరికి ఏమవుతారో, ఏ తరం ఏ ఊళ్లో ఏం చేసుకుని బతికిందో ఆధారాలతో తేల్చే పనే వంశ పరిశోధన. తెలుగునాట ఈ పని చాలాకాలం రాజులకు, జమీందార్లకు, ఆస్తి తగాదాల్లో ఇరుక్కున్నవాళ్లకు మాత్రమే అవసరపడింది. 1939లో నేలటూరి వెంకటరమణయ్య సంపాదకత్వంలో మద్రాసు విశ్వవిద్యాలయం వేసిన ‘వెలుగోటివారి వంశావళి’ వెంకటగిరి పాలకుల పూర్వతరాలను వరసగా చెబుతుంది. మామూలు రైతుకో, సాలెవారికో, మాల మాదిగ కుటుంబానికో అలాంటి పుస్తకం లేదు. అంతమాత్రాన వాళ్ల పేర్లు ఎక్కడా లేవనుకుంటే పొరపాటు. శిస్తు కట్టినప్పుడు, పొలం అమ్మినప్పుడు, కోర్టుకెక్కినప్పుడు, కూలికి ఓడెక్కినప్పుడు, గయలో పిండం పెట్టినప్పుడు ఎవరో ఒకరు వాళ్ల పేరు రాసుకున్నారు.

ఇంగ్లండులో 1538 నుంచి చర్చిల్లో బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, ఖననాలు పుస్తకాలకెక్కాయి. అక్కడివాళ్లు ఆ పుట్టుక పుస్తకాలు పట్టుకుని తరం తరం వెనక్కి నడుస్తారు. తెలుగు కుటుంబానికి అలాంటి ఒకే వరస లేదు. ఇక్కడ మనిషి పుట్టుక కంటే పొలానికే పాత కాగితం ఉంటుంది. అందుకని ఇక్కడి వెతుకులాట ఊరితో మొదలవుతుంది. ఇంటిపేరు తెలిసి ఊరు తెలియకపోతే అంతర్జాలంలో వేల పేర్లు ఎదురవుతాయి, వాటిలో తమవాళ్లెవరో తేలదు. ఊరు, తాలూకా తెలిస్తే తెర మీద కనిపించే జాబితా నుంచి మండల కార్యాలయంలోని కట్ట దాకా దారి పడుతుంది.

ఇంట్లో దొరికేవి

తద్దినాలు, తర్పణాలు పెట్టే ఇళ్లలో తండ్రి, తాత, ముత్తాతల పేర్లు, వాళ్ల భార్యల పేర్లు, అమ్మ తరఫున మూడు తరాల పేర్లు నోటికి వచ్చే ఉంటాయి. పెళ్లిలో ప్రవర చదివేటప్పుడు కూడా వధూవరులను ఫలానావారి మునిమనవడు, మనవడు, కొడుకు అని మూడు తరాలతో చెబుతారు. ఆ ఆచారం లేని ఇళ్లలో ఇంకో ప్రశ్న బాగా పనికొస్తుంది: ఇంట్లో చావు జరిగితే మీతోపాటు నిండు మైల పట్టే ఇళ్లు ఏవి? నిండు మైల పాలివాళ్లకే, అంటే ఒకే మూలపురుషుడి మగసంతతికే. చుట్టరికం ఎటునుంచి వచ్చిందో ఎవరికీ గుర్తులేకపోయినా, ఏయే ఇళ్లను కలిపి వెతకాలో ఆ జాబితా చెప్పేస్తుంది.

పెట్టెల్లో, అటకల మీద ఉండేవీ ఆధారాలే. జాతకచక్రం మీద సంవత్సరం, మాసం, తిథి, నక్షత్రం ఉంటాయి. పాత శుభలేఖలో పిలిచేవారి పేర్లతోపాటు ఊరూ, పోస్టూ, జిల్లా ఉంటాయి. సారె కింద వచ్చిన ఇత్తడి బిందె అంచు మీద, స్టీలు గిన్నె మీద చుక్కలు చుక్కలుగా కొట్టించిన పేరు, తేదీ చాలాసార్లు ఒక అత్తగారి పుట్టింటి వివరం బయటపెడతాయి. ఆడవాళ్ల పుట్టింటిపేరు మరే కాగితంలోనూ దొరకని ఇళ్లలో ఆ గిన్నె చూడకుండా వదలకూడదు.

పెద్దవాళ్లు సంవత్సరాలను అంకెల్లో చెప్పరు. ‘ధాత కరువుకు మా తాత చంటిబిడ్డ’ అంటారు. ధాత నామ సంవత్సరం 1876-77, దక్షిణాదిని ఊడ్చిపెట్టిన మహా కరువు ఏడాది. గుంటూరు ప్రాంతంలో డొక్కల కరువుగా చెప్పుకునే నందన కరువు 1832-33 నాటిది. కృష్ణా తీరంలో ‘ఉప్పెన’ అంటే ఒక తరానికి 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెన, అంతకు ముందు తరాల లెక్కలో 1864 నవంబరు 1న బందరును ముంచినది. హైదరాబాదు కుటుంబాల్లో 1908 సెప్టెంబరు మూసీ వరద అలాంటి గుర్తు. తెలుగు సంవత్సరాల పేర్లు అరవై ఏళ్లకోసారి తిరిగి వస్తాయి కాబట్టి ‘రక్తాక్షిలో పుట్టాడు’ అన్నది 1864 కావచ్చు, 1924 కావచ్చు, 1984 కూడా కావచ్చు. మిగతా తరాల వయసులతో సరిచూసుకునే దాకా దాన్ని తేదీగా రాసుకోకూడదు.

పేర్ల దగ్గర ఇంకో చిక్కుంది. తాత పేరు మనవడికి పెట్టడం వల్ల ఒకే పేరు తరం విడిచి తరం వస్తుంది. 1870లో భూమి కొన్న సుబ్బయ్య, 1930లో దాన్ని పంచుకున్న సుబ్బయ్య ఒక్కరే అనుకుంటే రెండు తరాలు మాయమవుతాయి. తండ్రి పేరు, భార్య పేరు, సర్వే నంబరు కలిస్తే తప్ప ఇద్దరినీ ఒకరిగా రాయకూడదు. ఇంటిపేరు కూడా ఒక్కటే సాక్ష్యం కాలేదు. ఊరి పేర్ల మీద వచ్చిన ఇంటిపేర్లు వేర్వేరు కులాల్లో, వేర్వేరు గోత్రాల్లో కనిపిస్తాయి. కందుకూరి వీరేశలింగం పూర్వులకు కందుకూరు నుంచి వచ్చిన ఇంటిపేరు, కుటుంబం రాజమండ్రిలో స్థిరపడ్డాక కూడా అలాగే నిలిచింది. ఇలాంటి ఇంటిపేరు ఇప్పుడున్న ఊరిని కాక అంతకుముందు వదిలి వచ్చిన ఊరిని చూపిస్తుంది.

నోటి వంశావళులు

అక్షరం చేరని కులాలకు వంశావళి చెప్పేవాళ్లు వేరే ఉండేవారు. కాపులు, రెడ్ల ఇళ్లకు వచ్చి గోత్రాలు, ఇంటిపేర్లు, పూర్వుల పేర్లు చదివే పిచ్చిగుంట్లవారిని ప్రభుత్వ జాబితాలో ఇప్పుడు వంశరాజ్ అని రాస్తున్నారు. పద్మశాలీలకు మార్కండేయుడి కథ చెప్పే కూనపులివారు, ముదిరాజులకు కాకి పడగలవారు, మాదిగలకు జాంబపురాణం చెప్పే డక్కలివారు ఉన్నారు. భట్రాజులు క్షత్రియ, వెలమ, కమ్మ ఇళ్లలో వంశ స్తోత్రాలు చదివేవారు.

వీళ్లు చెప్పే వరసలో మూలపురుషుడు సాధారణంగా పురాణ పాత్రే అవుతాడు. దగ్గరి నాలుగైదు తరాల దగ్గరికి వచ్చేసరికి మాత్రం వివరం గట్టిపడుతుంది. ఎందుకంటే ఏ ఊళ్లో ఏ ఇంటి నుంచి తమకు ఎంత త్యాగం, అంటే సంభావన, రావాలో అన్నది వాళ్ల బతుకుతెరువు లెక్క. ఒక కుటుంబం పాత ఊరి నుంచి ఎప్పుడు లేచిపోయింది, ఎవరెవరు ఎటు చీలారు అన్నది ఇలాంటి కథకుల దగ్గర దొరికితే, దాన్ని ఆ రెండు ఊళ్ల భూమి లెక్కలతో సరిచూడవచ్చు. వృత్తి వదిలేసే కథకులు పెరిగేకొద్దీ ఈ ఆధారం తరిగిపోతోంది. గొంతు రికార్డు చేసి, ఎవరు, ఎక్కడ, ఏ తేదీన చెప్పారో రాసిపెట్టుకోవాలి.

కరణం కట్టల్లో

ఊరి లెక్కలు రాసే కరణం దగ్గర దండకవిలె ఉండేది. ఊరు ఎవరు కట్టించారు, అగ్రహారం ఎవరికిచ్చారు, చెరువు ఎవరు తవ్వించారు అన్న సంగతులు అందులో చేరేవి. 1815లో భారతదేశపు తొలి సర్వేయర్ జనరల్ అయిన కాలిన్ మెకంజీ తన మనుషులతో ఊరూరా ఇలాంటి వివరాలు రాయించాడు. ఆ పనిలో ఏలూరు ప్రాంతం నుంచి వచ్చిన కావలి బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి సోదరులది పెద్ద చేయి. ఆ వృత్తాంతాలే కైఫియత్తులు. తర్వాత సి.పి. బ్రౌన్ చొరవతో వాటిని ఎత్తిరాయించారు. చెన్నైలోని ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారంలో ఇవి భద్రంగా ఉన్నాయి. కడపలోని బ్రౌన్ పరిశోధన కేంద్రం కడప జిల్లా కైఫియత్తులను సంపుటాలుగా అచ్చువేసింది. కైఫియత్తులో సామాన్యుడి పేరు దొరకడం అరుదు. ఊరి కరణాలు, రెడ్లు, అర్చకులు, మిరాశీదార్ల వంశాలు మాత్రం కొన్నిసార్లు ఏడెనిమిది తరాల దాకా పోతాయి.

సామాన్యుడి పేరు కోసం శిస్తు లెక్కలు చూడాలి. మద్రాసు ప్రెసిడెన్సీలో రైతువారీ పద్ధతి స్థిరపడ్డాక ప్రతి సర్వే నంబరుకూ పట్టాదారు పేరు రాశారు. ఆంధ్ర జిల్లాల్లో డైగ్లాట్ (రెండు భాషల సెటిల్‌మెంట్ రిజిస్టరు), రీసెటిల్‌మెంట్ రిజిస్టర్, అడంగల్ (ఏటేటి సాగు లెక్క) అన్నవి ఇప్పటికీ రెవెన్యూ కార్యాలయాల్లో నోట నానే పేర్లు. ఒకే నంబరు మీద పాత రిజిస్టరులో ఒక పేరు, తర్వాతి సెటిల్‌మెంటులో మరో పేరు కనిపిస్తే, ఆ రెండింటి మధ్య అమ్మకమో వారసత్వమో జరిగిందన్న మాట. అదేమిటో రిజిస్ట్రేషన్ ఆఫీసులో తేలుతుంది.

వంశ పరిశోధనకు అన్నిటికంటే అక్కరకొచ్చేది ఇనాం ఫెయిర్ రిజిస్టర్. ఏ షరతు మీద ఎవరు ఏ భూమిని శిస్తు లేకుండానో తక్కువ శిస్తుతోనో అనుభవిస్తున్నారో తేల్చడానికి 1858లో మద్రాసు ప్రభుత్వం ఇనాం కమిషన్ వేసింది. ఊరూరా విచారించి రాసిన ఆ రిజిస్టరులో మొదట ఇనాం పొందినవారి పేరు, ఇచ్చిన ప్రభువు పేరు, ప్రస్తుత అనుభవదారు పేరు, మొదటివారితో అతనికున్న చుట్టరికం, వారసులు అన్నీ గడులు గీసి నింపారు. 1860 ప్రాంతంలో బతికున్న మనిషి నుంచి వెనక్కి మూడు నాలుగు తరాలు ఒక్క పుటలో దొరకవచ్చు. ఇనాం అనగానే బ్రాహ్మణ అగ్రహారమే గుర్తొస్తుంది గానీ, కమ్మరి, వడ్రంగి, చాకలి, మంగలి, వెట్టి సేవలకు ఇచ్చిన మాన్యాలూ ఇందులో ఉన్నాయి. సొంత పట్టా లేని కుటుంబాల పూర్వులు కనిపించేది ఇక్కడే. గుడి సేవకు మాన్యం పొందిన దేవదాసీలు కూడా వారసత్వపు హక్కుదార్లుగానే నమోదయ్యారు. ఆడవాళ్ల వరసగా సాగే వంశం సర్కారు కాగితంలో ఇంత స్పష్టంగా మరెక్కడా కనిపించదు. 1929లో మద్రాసు ప్రభుత్వం చట్టం తెచ్చి ఆ మాన్యాలను గుడి సేవ షరతు నుంచి విడిపించింది.

తెలంగాణ లెక్క వేరు. నిజాం రాజ్యంలో దస్త్రాలు మొదట ఫారసీలో, పందొమ్మిదో శతాబ్దం చివరి నుంచి ఉర్దూలో నడిచాయి. తొలి సర్వే నాటి సేత్వార్, 1954-55 ఖాస్రా పహాణీ (సాగు లెక్క), ఆ తర్వాతి చేసాల పహాణీ అక్కడి ప్రధాన మెట్లు. ఇనాం, జాగీరు కుటుంబాల విషయంలో విచారణ తర్వాత ఇచ్చిన ముంతఖాబ్ పత్రాల్లో వారసుల పేర్లు, వాటాలు ఉంటాయి. 1949లో జాగీర్లు రద్దయినప్పుడు పరిహారం కోసం నడిచిన దస్త్రాల్లోనూ కుటుంబ శాఖలు బయటపడతాయి. హైదరాబాదు తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో షాజహాన్, ఔరంగజేబుల కాలపు దక్కన్ కాగితాలు మొదలుకుని నిజాం దఫ్తర్ల దాకా ఉన్నాయి.

ఈ లెక్కల్లో సంవత్సరం ఫసలీలో ఉంటుంది. ఫసలీకి 590 కలిపితే క్రీస్తుశకం వస్తుంది. ఫసలీ 1300 అంటే 1890-91. ఏడాది ఆంధ్ర జిల్లాల్లో జులైలో, నిజాం రాజ్యంలో అక్టోబరులో మొదలయ్యేది కాబట్టి నెల కూడా చూసుకోవాలి.

1984-85లో ఎన్టీఆర్ ప్రభుత్వం కరణం, మునసబు, పటేల్, పట్వారీ పదవులను రద్దు చేసినప్పుడు గ్రామ లెక్కలు ప్రభుత్వానికి అప్పగించాల్సి వచ్చింది. అన్నీ చేరలేదు. కొన్ని పాత కరణాల ఇళ్ల అటకల మీదే ఉండిపోయాయి. తహశీల్దారు కార్యాలయంలో ‘రికార్డు లేదు’ అన్న జవాబు వచ్చాక కూడా పాత కరణంగారి మనవల ఇంటికి వెళ్లి అడగడంలో అర్థం ఉంది.

దస్తావేజులు, తీర్పులు

భూమి లెక్క పేరు చెబితే, దస్తావేజు బంధుత్వం చెబుతుంది. ఇప్పటి రిజిస్ట్రేషన్ చట్టం 1908 నాటిది. అంతకుముందే 1860లలో వచ్చిన చట్టాల కింద రిజిస్ట్రేషన్ ఆఫీసులు పుట్టాయి. సబ్ రిజిస్ట్రార్ దగ్గర స్థిరాస్తి పత్రాల నకళ్లు ఒకటో పుస్తకంలో, వీలునామాలు మూడో పుస్తకంలో ఉంటాయి. ఒకటో సూచికలో మనుషుల పేర్లు, రెండో సూచికలో ఆస్తుల వివరాలు. ఒకటో పుస్తకాన్ని రుసుము కట్టి ఎవరైనా వెతికించవచ్చు. వీలునామా నకలు మాత్రం రాసిన మనిషి పోయాకే ఇతరులకు ఇస్తారు.

పాత విక్రయ దస్తావేజు ఒకటి చేతికొస్తే దాన్ని నెమ్మదిగా చదవాలి. రాసి ఇచ్చినవారి పేరు, తండ్రి పేరు, కులం, వృత్తి, కాపురం ఉంటున్న ఊరు మొదటి వరసల్లోనే ఉంటాయి. మైనరు కొడుకుల తరఫున తండ్రి సంతకం చేస్తే వాళ్ల పేర్లూ వయసులూ వస్తాయి. చివర చెక్కుబందీ చూడాలి. తూర్పున ఎవరి పొలం, దక్షిణాన ఎవరి పుంత అన్న ఆ హద్దుల్లో చాలాసార్లు అన్నదమ్ములే ఉంటారు, ఒకప్పటి ఉమ్మడి పొలం పంపకమై పక్కపక్కనే నిలిచింది కాబట్టి. సాక్షుల్లో బావమరుదులు, మేనమామలు కనిపిస్తారు. నిశానీ వేసినవారి పేరును రాసింది లేఖరి కాబట్టి అక్షరాలు ఒక్కో పత్రంలో ఒక్కోలా ఉంటాయి.

భాగపరిష్కార పత్రంలో కుటుంబమంతా ఒక్కచోట చేరుతుంది. తాత పోయిన సంవత్సరం, మొదటి భార్య కొడుకులెవరు, రెండో భార్య కొడుకులెవరు, పెళ్లి కావాల్సిన చెల్లెళ్లకు ఎంత పెట్టాలి అన్నవన్నీ రాయక తప్పదు. ఆడపిల్లలకు పసుపు కుంకుమ కింద ఇచ్చిన భూమి పత్రాల్లో కూతురి పేరు, అల్లుడి పేరు, వాళ్ల ఊరు ఉంటాయి. ఆడవాళ్ల వైపు తీగ లాగడానికి ఇంతకంటే గట్టి ఆధారం లేదు. దత్తత వెళ్లినవారికి ఇంటిపేరు, గోత్రం మారతాయి. ఇల్లటం అల్లుడికి ఇంటిపేరు మారకుండానే మామగారి ఆస్తి వస్తుంది. దస్తావేజు చూడకుండా గీసిన వంశవృక్షాలు ఎక్కువగా తప్పేది ఇక్కడే.

ఆస్తి తగాదా కోర్టుకెక్కితే వంశవృక్షమే సాక్ష్యం. పిఠాపురం రాజా మీద వేసిన భరణం దావా 1918లో లండను ప్రీవీ కౌన్సిల్ దాకా వెళ్లింది. చిన్న రైతుల వారసత్వపు కేసులూ మద్రాసు, హైదరాబాదు హైకోర్టుల్లో నడిచాయి. పాత తీర్పులను ఇప్పుడు ఇండియన్ కానూన్ వంటి ఉచిత వేదికల్లో ఊరి పేరుతో, ఇంటిపేరుతో వెతకవచ్చు. ఇంగ్లీషు అక్షరాల్లో పేరు నాలుగైదు రకాలుగా రాసి ప్రయత్నించాల్సిందే.

పుట్టుక, బడి, ఓటు

జనన మరణాల నమోదుకు మద్రాసు ప్రెసిడెన్సీలో 1899లో చట్టం వచ్చింది. మునసబు రాసిన ఆ రిజిస్టర్లలో బిడ్డ పేరు ఉండాలనేం లేదు. తండ్రి పేరు పక్కన ‘ఆడ శిశువు’ అని మాత్రమే ఉన్న నమోదులు మామూలే. దేశమంతటికీ ఒకే పద్ధతి వచ్చింది 1969 చట్టంతో. అంతకు ముందు పుట్టినవారికి బడి అడ్మిషన్ రిజిస్టరే ఆధారం, దాని మీద పూర్తి నమ్మకం పెట్టుకోవడానికి లేదు. బడిలో చేర్చే రోజున అయ్యవారు వయసు అంచనా కట్టి జూన్ ఒకటో, జులై ఒకటో వేసేసేవారు. తండ్రి పేరు, ఊరు, అంతకుముందు చదివిన బడి మాత్రం సాధారణంగా సరిగానే ఉంటాయి.

జనాభా లెక్కల మీద ఆశ పెట్టుకుని ప్రయోజనం లేదు. బ్రిటన్ 1921 నాటి ఇంటింటి వివరాలను 2022లో జనానికి చూపింది. అమెరికా కూడా అదే ఏడాది 1950 నాటివి బయటపెట్టింది. భారతదేశంలో 1948 సెన్సస్ చట్టం వ్యక్తుల వివరాలను ఎవరూ చూడకుండా కట్టడి చేసింది. అంకెల నివేదికలు తప్ప పేర్లు దొరకవు. ఆ లోటును కొంత తీర్చేది ఓటర్ల జాబితా. ఇంటి నంబరు కింద అందరి పేర్లు, తండ్రి లేదా భర్త పేరు, వయసు వరసగా ఉంటాయి. 2002 నాటి జాబితాలు రెండు తెలుగు రాష్ట్రాల ఎన్నికల ప్రధానాధికారుల వెబ్‌సైట్లలో ఉన్నాయి. ఊరు వదిలి నగరానికి వెళ్లిన శాఖలను పట్టుకోవడానికి ఇవి బాగా పనికొస్తాయి.

గుడి, చర్చి, ఖాజీ

కాశీ, గయ, ప్రయాగల్లో తీర్థ పురోహితులు యాత్రికుల పేర్లు బహీల్లో రాసుకుంటారు. ఏ జిల్లా, ఏ ఊరు, ఇంటిపేరేమిటి అని అడిగి, ఆ ప్రాంతపు పుస్తకం తీసి, ముందు తరంవారు ఎప్పుడు వచ్చారో చదువుతారు. ఏనుగుల వీరాస్వామి 1830-31లో చేసిన కాశీయాత్ర చూస్తే, రైలు రాకముందే తెలుగువారు ఆ దారి తొక్కుతున్నారని తెలుస్తుంది. ఒక ముత్తాత గయ వెళ్లి ఉంటే అతని చేతిరాత కూడా అక్కడ దొరికే అవకాశముంది. హరిద్వారంతో సహా కొన్ని తీర్థాల బహీలను ఫ్యామిలీసెర్చ్ సంస్థ ఫిల్ముకెక్కించి అంతర్జాలంలో పెట్టింది.

తెలుగు క్రైస్తవ కుటుంబాలకు చర్చి పుస్తకాలే ప్రాణం. విశాఖపట్నంలో లండన్ మిషన్ 1805లో, నెల్లూరులో అమెరికన్ బాప్టిస్టులు 1840లో, గుంటూరులో లూథరన్ పాదిరి హయ్యర్ 1842లో పని మొదలుపెట్టారు. ధాత కరువు ముగిసే రోజుల్లో, 1878 జులై 3న, గుండ్లకమ్మ ఒడ్డున అమెరికన్ బాప్టిస్టు పాదిరి క్లౌ దొర మిషన్ ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చింది. వాళ్లలో అత్యధికులు మాదిగలు. సర్కారు భూమి లెక్కల్లో చోటులేని కుటుంబాలకు చర్చి రిజిస్టరే చాలాసార్లు తొలి రాతపూర్వక ఆధారం. యూరోపియన్, ఆంగ్లో ఇండియన్ కుటుంబాల చర్చి నమోదుల నకళ్లు లండనులోని బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. 1998లో మొదలైన బ్రిటిష్ ఇండియా కుటుంబాల సంఘం, ఫిబిస్, వాటి సూచికలను ఉచితంగా చూపిస్తోంది. ముస్లిం కుటుంబాలకు ఖాజీ కార్యాలయాల నికానామాలు, దర్గా కుటుంబాల శజ్రాలు (వంశవృక్షాలు), వక్ఫ్ దస్త్రాలు అలాంటి ఆధారాలు.

నేరస్తుల జాతులంటూ ముద్రవేసి రాసిన రిజిస్టర్లు మరో రకం. 1871 నాటి ఆ చట్టాన్ని 1911 తర్వాత మద్రాసు ప్రెసిడెన్సీలోనూ అమలుచేశారు. ఎరుకల కుటుంబాలను స్టూవర్టుపురం, సీతానగరం, కావలి వంటి సెటిల్‌మెంట్లకు తరలించి, పేర్లు, వేలిముద్రలు, హాజరు రాసుకున్నారు. 1952లో చట్టం రద్దయింది. వేధించడానికి రాసిన ఆ కాగితాలే ఇప్పుడు కొన్ని కుటుంబాలకు తాతముత్తాతల ఆచూకీ చెబుతున్నాయి.

ఓడెక్కినవాళ్లు

విదేశాలకు కూలికి వెళ్లినవారి విషయంలో రికార్డు ఆశ్చర్యపరిచేంత వివరంగా ఉంటుంది. ఒప్పందం ముగిసేదాకా కూలీని గుర్తుపట్టాలి గనక అన్నీ రాశారు. ఫిజీకి వెళ్లినవారి ఎమిగ్రేషన్ పాసులో పేరు, తండ్రి పేరు, వయసు, ఆడా మగా, కులం, జిల్లా, తాలూకా, ఊరు, దగ్గరి బంధువు, ఎత్తు, ఒంటి మీద మచ్చలు, పెళ్లయితే ఎవరితో అన్న గడులున్నాయి. ఊళ్లో పన్ను చెల్లించే స్తోమత లేక ఏ లెక్కలోనూ పడని మనిషికి మద్రాసు డిపోలో ఇన్ని వివరాలతో కాగితం పుట్టింది. 1879 నుంచి 1916 దాకా సుమారు 60 వేల మంది ఫిజీ వెళ్లారు, మద్రాసు నుంచి ఓడలు 1903లో మొదలయ్యాయి. ఆ పాసులు సువాలోని జాతీయ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి.

దక్షిణాఫ్రికా నాటాలుకు తొలి ఓడ ‘ట్రూరో’ మద్రాసు నుంచి బయల్దేరి 1860 నవంబరు 16న డర్బన్ చేరింది. 1911 దాకా సుమారు 1,52,000 మంది దిగారు. ఓడల జాబితాలు కంప్యూటర్లకెక్కాయి. ప్రతి మనిషికీ ఒక వలస నంబరు ఉంది. ఆ నంబరు దొరికితే ఊరు దొరికినట్టే. మారిషస్‌లో మోకా పట్టణంలోని మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్ వలస రిజిస్టర్లను, ఫొటోలను భద్రపరుస్తోంది. గోదావరి ముఖద్వారంలోని కోరంగి రేవు పేరు ఆ దీవి తెలుగువారి జ్ఞాపకాల్లోనే కాదు, బర్మాలో తెలుగువారిని పిలిచిన పేరులోనూ నిలిచింది. బర్మా వెళ్లినవారు మేస్త్రీల కింద వెళ్లారు గనక అలాంటి పాసులు లేవు. వాళ్ల విషయంలో మిగిలే ఆధారాలు ఉత్తరాలు, మనియార్డరు రశీదులు, ఇంట్లో చెప్పుకునే కథలు.

ఈ జాబితాల్లో చిక్కు అక్షరాలదే. అప్పలస్వామి అపల్సామి అవుతాడు, విశాఖపట్నం విజగపటం అవుతుంది, ఊరి పేరు గుమాస్తా చెవికి తోచినట్టు పడుతుంది. తాత పేరో, నాయుడు లాంటి బిరుదో మనవల ఇంటిపేరుగా మారిపోయింది. పాత తాలూకా పేరు తెలుసుకుని, ఆనాటి గ్రామాల జాబితా ముందుపెట్టుకుని, పైకి చదివి చూస్తే ఊరు తట్టే అవకాశం ఎక్కువ. ఈ వెతుకులాటకు ఇప్పుడు వేరే ప్రయోజనమూ వచ్చింది. మారిషస్‌లోని భారత సంతతికి ఏడో తరం దాకా ఓసీఐ (ఓవర్సీస్ సిటిజన్ ఆఫ్ ఇండియా) కార్డు ఇస్తామని 2025 మార్చిలో భారత ప్రభుత్వం ప్రకటించింది. దానికి వలస నంబరుతో కలిసే తరాల గొలుసు చూపాలి.

తెర మీద దొరికేవి, దొరకనివి

ఆంధ్రప్రదేశ్ మీభూమి వేదికలో అడంగల్, 1బి (హక్కుల రికార్డు) చూడవచ్చు. తెలంగాణలో 2020లో వచ్చిన ధరణి స్థానంలో 2025 ఏప్రిల్‌లో భూభారతి వచ్చింది. ఇవి ఇప్పటి హక్కుదారును చూపిస్తాయి. తాతల కోసం వాటి నుంచి సర్వే నంబరు పట్టుకుని ఆఫీసుకు వెళ్లాలి. ఆంధ్రప్రదేశ్‌లో ఈసీ, అంటే ఆస్తి మీద జరిగిన లావాదేవీల ధ్రువపత్రం, అంతర్జాలంలో 1983 నుంచి దొరుకుతుంది, అంతకు ముందువి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులోనే వెతికించాలి. జాతీయ ఆర్కైవ్స్ వారి అభిలేఖ్ పటల్‌లో కేంద్ర దస్త్రాల సూచికలు ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్ ప్రెస్ అకాడమీ పాత తెలుగు పత్రికలను స్కాన్ చేయించింది. స్థానిక వార్తలు, వేలం ప్రకటనలు, చావు కబుర్లు వాటిలో దొరుకుతాయి.

ప్రపంచవ్యాప్త వంశవృక్ష వేదికల్లో ఫ్యామిలీసెర్చ్ ఉచితం. దాని మూలసంస్థ 1894లో అమెరికాలోని యూటాలో పుట్టింది. మైహెరిటేజ్, జెనీ, వికీట్రీ వంటివి చెట్టు కట్టుకోవడానికి, దూరపు బంధువులను కలుపుకోవడానికి పనికొస్తాయి. వీటిలో ఇతరులు పెట్టిన చెట్టు ఆధారం కాదు. ఒకరు పొరపాటున కలిపిన తాతను పదిమంది ఎత్తిరాసుకుంటే పది సాక్ష్యాలు అయిపోవు. పైగా ఈ సాఫ్ట్‌వేర్లు పాశ్చాత్య కుటుంబాన్ని దృష్టిలో పెట్టుకుని చేసినవి. మేనమామ పెళ్లి, మేనరికం ఉన్న తెలుగు ఇంట్లో ఒకే మనిషి మేనమామగానూ భర్తగానూ రెండుచోట్ల రావాలి. కొన్ని ప్రోగ్రాములు దాన్ని తప్పుగా చూపి హెచ్చరిక పెడతాయి.

డీఎన్ఏ పరీక్షలదీ ఇదే చిక్కు. లాలాజలం పంపితే వచ్చే బంధువుల జాబితాలో, తరతరాల మేనరికాల వల్ల దూరపు చుట్టం కూడా దగ్గరి చుట్టంలా కనిపిస్తాడు. హైదరాబాదు సీసీఎంబీ శాస్త్రవేత్త కుమారస్వామి తంగరాజ్ బృందం, అమెరికా శాస్త్రవేత్తలతో కలిసి 2009లో, 2017లో ప్రచురించిన పరిశోధనల్లో కొన్ని సమూహాలు వేల ఏళ్లుగా లోపలే పెళ్లిళ్లు చేసుకుంటూ వచ్చాయని తేలింది. ఆంధ్ర వైశ్యులు అందులో ప్రముఖ ఉదాహరణ. ఒక ఎంజైము లోపం వాళ్లలో ఇతర సమూహాల కంటే వంద రెట్లు ఎక్కువ. అందుకే శస్త్రచికిత్సకు ముందు ఇచ్చే కొన్ని కండరాల సడలింపు మందుల విషయంలో వైశ్య మూలం ఉందా అని మత్తు డాక్టర్లు చూసుకుంటారు. వంశ పరిశోధన ఆసుపత్రి బల్ల దాకా వెళ్లే సందర్భమిది.

ఆధారాలు కుదరనప్పుడు ఎక్కువ బరువు సంఘటనకు దగ్గరగా రాసిన కాగితానికి ఇవ్వాలి. 1931లో రాసిన భాగపరిష్కార పత్రం, 1990లో ఒక మనవడు చెప్పిన మాట కంటే నమ్మదగ్గది. కాగితంలో అబద్ధం ఉండదని కాదు. భూపరిమితి చట్టం రోజుల్లో ఇల్లంతా వేర్వేరు కుటుంబాలుగా రాయించుకున్నవారున్నారు. వంశవృక్షంలో ప్రతి పేరు పక్కన ఏ పుస్తకం, ఏ నంబరు, ఏ తేదీ, ఎవరు చదివి చెప్పారు అన్నది రాయడం వల్లే తర్వాతివాళ్లు దాన్ని సరిదిద్దగలుగుతారు. బతికున్నవారి పుట్టిన తేదీలు, కులం, ఆస్తి వివరాలు బహిరంగ వేదికల్లో పెట్టకపోవడం ఇప్పుడు మర్యాదే కాక చట్టం విషయం కూడా, 2023లో వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది గనక.

స్కాన్లు పెరిగేకొద్దీ వెతికేవాళ్లకు ఎదురయ్యే ఆటంకం రాత. కరణాల గొలుసుకట్టు తెలుగులో పదాల మధ్య ఖాళీ ఉండదు, అంకెలు పాత తెలుగువి, భిన్నాలకు వేరే గుర్తులు. నిజాం దఫ్తర్ల శికస్తా ఉర్దూలో చుక్కలు సగం మాయమవుతాయి. ఈ రాతలు కంప్యూటర్ ఇంకా నమ్మకంగా చదవలేని స్థితిలో ఉన్నాయి. ఇవి చదవగల పాత పట్వారీలు, దస్తావేజు లేఖరులు, ఆర్కైవ్స్ ఉద్యోగులు ఇప్పుడు కొద్దిమందే మిగిలారు. ఆర్కైవ్స్‌కు వెళ్లేముందు వాళ్లలో ఒకరి సాయం ఏర్పాటు చేసుకున్నవారికి ఒక కట్ట చూడటానికి పట్టే కాలం బాగా తగ్గుతుంది.